ఒక విందు, ఒక అప్పు, ఒక రాజధాని

మన సంఘంలో పెద్దవాళ్ళకు సిటిజన్‌షిప్ పరీక్ష పాఠాలు చెప్పే పని చాలా ఏళ్ళుగా నా మీద ఉంది. పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిపోయిన అమ్మలూ, నాన్నలూ ఆదివారం మధ్యాహ్నం మా బేస్‌మెంటులో కూర్చుంటారు. మా ఆవిడ టీ పెడుతుంది. నేను ప్రశ్న చదువుతాను, వాళ్ళు జవాబు చెబుతారు. నేను చెప్పబోయేది 2019 వేసవి సంగతి. అప్పటి పరీక్షలో ప్రశ్నలు 100. జవాబులు చాలావరకు ఒక్క మాటలో అయిపోయేవి. అంతర్యుద్ధానికి దారితీసిన ఒక సమస్య చెప్పమంటే ‘బానిసత్వం’ అనాలి. అంతకన్న ఒక్క మాట ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఆ రోజు నేను మాటవరసకి, ఈ దేశానికి కొత్త రాజ్యాంగం కింద మొదటి రాజధాని న్యూయార్కు అనీ, తరవాత పదేళ్ళు మన ఫిలడెల్ఫియా అనీ, 1800లో వాషింగ్టన్‌కి మారిందనీ చెప్పాను. పరీక్షలో రాని సంగతి. వెనక వరసలో కూర్చున్న కర్నూలు పెద్దావిడ వెంటనే అడిగింది.

“మరి ఆడి నుంచి యాల ఎత్తకపోయినారు నాయనా?”

నేను నీళ్ళు నమిలాను. ఆవిడే మళ్ళీ అందుకుంది. “మా ఊర్లోనూ అంతే. గుడారాలేసి కచేరీలు పెట్టినారు. నాకప్పుడు పన్నెండేండ్లు, నా కండ్లతో చూసినా. మూడేండ్లకు ఎత్తుకొని హైదరాబాదుకు పోయినారు. మమ్మల్ని ఎవరడిగినారు?”

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1తో ఆ ముచ్చట తీరిపోయింది. అరవై మూడేళ్ళ తరవాత, పెన్సిల్వేనియాలో ఒక బేస్‌మెంటులో కూర్చుని, ఆవిడ ఇంకా ఆ లెక్క అడుగుతోంది. వచ్చే ఆదివారం చెబుతానని తప్పించుకున్నాను. ఆ వారం లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి కూర్చున్నాను.

ఆవిడకు ఆ తరవాతి ఆదివారం చెప్పిన కథ ఇది.

స్వాతంత్ర్య యుద్ధం అయ్యేసరికి ఈ దేశం నిండా అప్పుల్లో ఉంది. ఫ్రాన్సుకీ, డచ్చివాళ్ళకీ ఇవ్వవలసింది కోటి డాలర్ల పైచిలుకు. స్వదేశంలో వాళ్ళకు ఇవ్వవలసింది నాలుగు కోట్లు. ఇవి కాక ఒక్కొక్క రాష్ట్రం విడిగా చేసిన అప్పులు మొత్తం రెండున్నర కోట్లు ఉంటాయని ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1790 జనవరిలో కాంగ్రెసుకు లెక్క చెప్పాడు. చెప్పి, రాష్ట్రాల అప్పులన్నీ కేంద్రమే నెత్తిన వేసుకోవాలన్నాడు. ఎవరికైనా అప్పు తీర్చమని చెబితే భయం, అప్పు మేం తీసుకుంటామంటే సంతోషం కదా! కాని అందరికీ సంతోషం కలగలేదు.

దీనికి మన ఉమ్మడి కుటుంబాల లెక్కే సరిపోతుంది. ముగ్గురన్నదమ్ములు. అందరి పేరా బాకీలున్నాయి. ఒకడు పొలం అమ్మో, కడుపు కట్టుకునో తన బాకీ చాలావరకు తీర్చేసుకున్నాడు. తక్కిన ఇద్దరూ తీర్చలేదు. ఇప్పుడు పెద్దాయన వచ్చి, “బాకీలన్నీ ఉమ్మడిలో కలిపేద్దాం, ఉమ్మడి రాబడిలోంచి కడదాం” అంటే ఆ మొదటివాడు ఏమంటాడు? వర్జీనియా అదే అంది. తన యుద్ధపు అప్పు అది చాలావరకు తీర్చేసుకుంది. మాసచూసెట్స్, దక్షిణ కెరొలైనా బాగా మునిగి ఉన్నాయి. మా బాకీ మేం కట్టుకున్నాక మీ బాకీకి మళ్ళీ మేమెందుకు కట్టాలన్నది వర్జీనియా ప్రశ్న.

హామిల్టన్ ఆలోచన వేరు. అప్పిచ్చినవాళ్ళందరూ కేంద్రం మొహం చూసేటట్టు చేస్తే, ఆ కేంద్రం పడిపోకుండా వాళ్ళే కాపు కాస్తారు. బాకీ పత్రాలు పట్టుకున్నవాళ్ళు ఎక్కువగా ఉత్తరాది పట్టణాల వర్తకులు. యుద్ధంలో జీతానికి బదులు పత్రాలు పుచ్చుకున్న సిపాయిలు చాలామంది అవసరానికి వాటిని తక్కువ ధరకు అమ్మేసుకున్నారు. ఆ సిపాయిలకు కూడా కొంత ముట్టేటట్టు చేద్దామని జేమ్స్ మాడిసన్ ఫిబ్రవరిలో ప్రతిపాదించాడు. అది 36–13 తేడాతో ఓడిపోయింది. రాష్ట్రాల అప్పుల ప్రతిపాదన కూడా ఏప్రిల్‌లో రెండే రెండు ఓట్లతో, 31–29తో వీగిపోయింది. అప్పటికి కొత్త ప్రభుత్వానికి ఏడాది నిండింది, అంతే. కలిసి ఉండడం ఎందుకన్న మాటలు అప్పుడే మొదలయ్యాయి.

జూన్‌లో ఒకరోజు అధ్యక్షుడు వాషింగ్టన్ ఇంటి గుమ్మం ముందు జెఫర్సన్‌కు హామిల్టన్ కనిపించాడు. ఎప్పుడూ నీటుగా ఉండే మనిషి ఆ రోజు వాడిపోయి, నలిగిపోయి ఉన్నాడట. ఇద్దరూ అరగంటసేపు ఆ గుమ్మం ముందు పచార్లు చేశారు. జెఫర్సన్ తన ఇంటికి భోజనానికి రమ్మని హామిల్టన్‌నీ, మాడిసన్‌నీ పిలిచాడు. న్యూయార్కులో మెయిడెన్ లేన్‌లో ఉండేది ఆ ఇల్లు. భోజనాల దగ్గర బేరం కుదిరింది. అప్పుల బిల్లుకి మాడిసన్ ఓటు వెయ్యడు గాని, గట్టిగా అడ్డుపడడు. పొటోమాక్ నది ఒడ్డు ప్రాంతాల సభ్యులు నలుగురు మాట మార్చుకుంటారు. దానికి బదులుగా రాజధాని ఆ పొటోమాక్ ఒడ్డుకే వెళుతుంది. కట్టడం పూర్తయ్యేదాకా పదేళ్ళు ఫిలడెల్ఫియాలో ఉంటుంది. రాజధాని చట్టం జులై 16న, అప్పుల చట్టం ఆగస్టు 4న వచ్చాయి. ఆ విందు సంగతి మనకు తెలిసింది జెఫర్సన్ తరవాత రాసుకున్న మాటల వల్ల. బేరాలు ఇంకా చాలామంది మధ్య నడిచాయని చరిత్రకారులు అంటారు గాని, రాజధానీ అప్పూ ఒకదానికొకటి ముడిపడ్డ మాట నిజం.

మన ఫిలడెల్ఫియా వాళ్ళు మాత్రం, పదేళ్ళు ఉన్నాక కాంగ్రెసు కదలదులే అనుకున్నారు. అధ్యక్షుడి కోసమని నైన్త్ స్ట్రీటులో పెద్ద భవనం కూడా కట్టించారు. వాషింగ్టన్ గాని, ఆయన తరవాత వచ్చిన ఆడమ్స్ గాని అందులో కాపురం పెట్టలేదు. 1800లో కాంగ్రెసు మూటా ముల్లే సర్దుకుని వెళ్ళిపోయింది.

కథ విని పెద్దావిడ, “అయితే వాండ్లనూ ఎవరూ అడగలేదన్నమాట” అంది. సంతృప్తిగానే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్ళ ఉమ్మడి రాజధాని అన్న మాట దగ్గర నాకొక పాత ముల్లు ఉంది.

ఈ పాఠాలు మొదట్లో నేనొక్కణ్ణే చెప్పేవాణ్ణి కాదు. వరంగల్లు మిత్రుడొకాయన సగం చెప్పేవాడు. పేరు రాయను, పాత సభ్యులందరికీ తెలుసు. నేను 1972లో వచ్చాను, ఆయన 1974లో. నన్ను ‘అన్నా’ అంటాడు, మా ఆవిడను ‘వదిన’ అంటాడు. సంఘం పత్రికకు స్టెన్సిళ్ళు చేత్తో రాసే రోజుల్లో ఆయనది ముత్యాలలాంటి రాత. నేను మెషీను తిప్పేవాణ్ణి. ఇద్దరి చేతులకూ సిరా అంటుకుని, ఆ చేతుల్తోనే మా ఆవిడ పెట్టిన పకోడీలు తినేవాళ్ళం. 1969లో ఉస్మానియాలో చదువుతూ ఆయన లాఠీ దెబ్బ తిన్నాడు. మోచేతి మీద మచ్చ ఉంది. 1973లో జై ఆంధ్ర గొడవలో మా తమ్ముడికి ఒక ఏడాది చదువు పోయింది. ఇవి ఇద్దరికీ తెలుసు. నలభై ఏళ్ళు వాటి గురించి మేము మాట్లాడుకోలేదు.

2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో విభజన బిల్లు గడిచిన రెండో రోజు, శనివారం, మా ఇంట్లో నలుగురైదుగురు కుటుంబాలు భోజనానికి కలిశాయి. హైదరాబాదు పదేళ్ళకు మించకుండా ఉమ్మడి రాజధాని అని బిల్లులో రాశారు. మా అక్క నేను పంపిన డబ్బుతో ఆ ఊళ్ళో ఇల్లు కట్టుకుంది. అమ్మ ఆ ఇంట్లోనే పోయింది. మాట మీద మాట వచ్చింది. నేను అందరి ముందూ, “మేం వచ్చి కట్టకపోతే మీ హైదరాబాదులో ఏముంది?” అన్నాను.

ఆయన జవాబు చెప్పలేదు. కంచంలో పెరుగన్నం సగం ఉంది. లేచి చెయ్యి కడుక్కుని, “వదినా, పోయొస్తం” అని భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఐదేళ్ళు ఆయన మా గుమ్మం ఎక్కలేదు. ఆదివారం పాఠాలకు రాలేదు. ఉగాదికి ఎదురుపడితే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవాడు. నేనూ అంతే. నాది తప్పని నాకు ఆ రాత్రే తెలుసు. తెలిసినా, “ఆయన మాత్రం లేచి వెళ్ళడమేమిటి” అనుకోవడం సుఖంగా ఉండేది.

పెద్దావిడ కోసం తెచ్చిన పుస్తకాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. వాటిలో ఆడమ్స్, జెఫర్సన్‌ల సంగతి చదివాను. స్వాతంత్ర్య ప్రకటన నాడు ఇద్దరూ ఒక జట్టు. తరవాత ఒకడు ఉత్తరాది మాసచూసెట్స్ మనిషి, ఒకడు దక్షిణాది వర్జీనియా మనిషి. 1800 ఎన్నికల్లో ఇద్దరూ ఎదురెదురు. పత్రికలు ఇద్దర్నీ బురదలో దొర్లించాయి. 1801లో జెఫర్సన్ ప్రమాణస్వీకారం నాడు ఆడమ్స్ తెల్లవారకముందే బండెక్కి వెళ్ళిపోయాడు. తరవాత పదేళ్ళకు పైగా ఇద్దరి మధ్యా స్నేహం లేదు. ఫిలడెల్ఫియా డాక్టరు బెంజమిన్ రష్ ఇద్దరికీ కావలసినవాడు. అటూ ఇటూ ఉత్తరాలు రాసి రాసి వాళ్ళను కదిలించాడు. 1812 జనవరి 1న ఆడమ్స్ మొదటి ఉత్తరం రాశాడు. ఇంట్లో నేసిన ఉడుపులు రెండు పంపుతున్నానని వేళాకోళంగా రాశాడు. పంపింది తన కొడుకు రాసిన ఉపన్యాసాల పుస్తకం, రెండు సంపుటాలు. ఉత్తరం ముందు చేరింది, పుస్తకాలు చేరలేదు. జెఫర్సన్ నిజంగా గుడ్డే అనుకుని, వర్జీనియాలో ఇళ్ళల్లో నేత ఎలా సాగుతోందో వివరంగా తిరుగు జవాబు రాశాడు. ఆ పొరపాటుతో మొదలై పద్నాలుగేళ్ళు ఉత్తరాలు నడిచాయి. 1826 జులై 4న ఇద్దరూ ఒకే రోజు పోయారు.

మా ఇంట్లో డాక్టరు రష్ పాత్ర మా ఆవిడది. “చదివి పుస్తకం మూసేస్తే ఏం లాభం? ఒక ఉత్తరం ముక్క రాయండి” అంది. రాశాను. తెలుగులో, చేత్తో, నాలుగు పేజీలు. ఆ మాట అన్నందుకు క్షమించమని మొదటి పేజీలోనే అడిగాను. అక్కడితో ఆగవలసింది. తక్కిన మూడు పేజీలూ విందు కథ రాశాను. అంతటి పగవాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చుని దేశాన్ని నిలబెట్టారు, మనం కూర్చోలేమా అని ముగించాను. నా రాత నాకే ముచ్చటేసింది.

పది రోజులకు ఫోను మోగింది. పలకరింపు లేదు.

“గదంత మంచిగనే రాసినవన్నా. గని ఆ దావత్‌ల వంట చేసినోడెవ్వడో రాయలేదేంది?”

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. జెఫర్సన్ ఇంట్లో వంటవాడు జేమ్స్ హెమింగ్స్. బానిస. జెఫర్సన్ ఆయన్ని పారిస్ తీసుకెళ్ళి ఫ్రెంచి వంట నేర్పించాడు. న్యూయార్కుకీ వెంట తెచ్చుకున్నాడు. ఆనాటి విందు ఆయన చేతి వంటే అని చరిత్రకారులు చెబుతారు. తన తమ్ముడికి వంట నేర్పి పెడితే వదిలేస్తానని జెఫర్సన్ ఒప్పందం రాశాడు. 1796లో గాని ఆయనకు విడుదల దొరకలేదు.

“ఇద్దరు పెద్దమనుషులు కూసున్నరు, ఒడగొట్టుకున్నరు అని రాసినవు. గదే కథ మాకు 1956ల చెప్పిన్రు. పెద్దమనుషుల ఒప్పందమని పేరు గూడ పెట్టిన్రు. ఎవరు కూసున్నరన్నది కాదన్నా, కూసోనిదెవరు? అది జూడాలె.”

తరవాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చివరికి ఆయనే అన్నాడు. “వదిన మంచిగున్నదా? పిట్స్‌బర్గ్ గుడికి పోక ఎన్నేండ్లాయె?”

అక్టోబరులో నలుగురం ఒకే కార్లో బయల్దేరాం. మా ఊరి నుంచి పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామి గుడికి సుమారు 300 మైళ్ళు. టర్న్‌పైక్ మీద ఐదారు గంటలు. పాత రోజుల్లో పిల్లల్ని వెనక సీట్లో కుక్కి, పులిహోర డబ్బాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళిన దారే. ఆడవాళ్ళిద్దరూ వెనక కూర్చుని ఐదేళ్ళ కబుర్లు ఒక్కసారిగా మొదలుపెట్టారు. ముందు సీట్లో మేమిద్దరం చరిత్ర తప్ప ఇంకోటి మాట్లాడడానికి భయపడ్డాం.

ఇన్నేళ్ళు తిరిగిన ఆ దారి 1794లో సైన్యం నడిచిన ప్రాంతాల మీదుగానే పోతుందని నాకప్పటిదాకా తెలీదు. విందులో కుదిరిన బేరానికి డబ్బు కావాలి కదా! దిగుమతి సుంకం ఒక్కటే సరిపోదని హామిల్టన్ 1791లో విస్కీ మీద పన్ను వేశాడు. ఆలిగేనీ కొండలకు ఆవల ఉన్న రైతులకు విస్కీ అంటే విలాసం కాదు. ఒక గుర్రం మీద నాలుగు బుషెళ్ళ రై ధాన్యం మించి కొండ దాటించలేరు. అదే విస్కీ చేస్తే ఇరవై నాలుగు బుషెళ్ళ సరుకు అదే గుర్రం మోస్తుంది. వాళ్ళకు నాణెం కరువు. ఇచ్చిపుచ్చుకోవడం కూడా విస్కీతోనే. పన్ను మాత్రం రొక్కం కట్టాలి. పెద్ద బట్టీలవాళ్ళకు గాలనుకు తక్కువ పడేది, చిన్నవాళ్ళకు ఎక్కువ పడేది. కట్టకపోతే విచారణకు కొండలు దాటి ఫిలడెల్ఫియా కోర్టుకు రావాలి. “మనం కార్ల పోతున్న ఈ మున్నూరు మైళ్ళే అన్నా. వాడు పంట విడిచిపెట్టి గుర్రం మీద రావాలె” అన్నాడు ఆయన.

1794 జులైలో పన్ను అధికారి జాన్ నెవిల్ ఇంటిని, పిట్స్‌బర్గ్ దగ్గర బోవర్ హిల్‌లో, తగలబెట్టారు. వాషింగ్టన్ సుమారు 13,000 మంది మిలీషియాను పోగు చేశాడు. కార్లైల్ దాకా, బెడ్‌ఫర్డ్ దాకా ఆయనే స్వయంగా వచ్చాడు. హామిల్టన్ సైన్యంతో పిట్స్‌బర్గ్ దాకా వెళ్ళాడు. యుద్ధం జరగలేదు, ఎదిరించినవాళ్ళు చెదిరిపోయారు. రాజద్రోహం రుజువైన ఇద్దర్నీ వాషింగ్టన్ క్షమించి వదిలేశాడు. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1802లో ఆ పన్ను తీసేశారు. అంటే వర్తకుడి బాకీ పత్రానికి వడ్డీ కోసం కొండ అవతలి రైతు రొక్కం వెతుక్కోవలసి వచ్చింది. ఆ రైతు విందులో లేడు.

కొండ కింద సొరంగాలు దాటి, బెడ్‌ఫర్డ్ దగ్గర ఆగాం. బల్ల మీద డబ్బాలు విప్పాం. ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఆ ముత్యాల రాత చూసి ఎన్నేళ్ళయిందో! నా ఉత్తరం అందాక ఆయన కూడా లైబ్రరీ మీద పడ్డాడట. “1790ల వాండ్లు ఇంకేం చేసిన్రో ఇను” అని చదివాడు.

ఫిబ్రవరి. బానిసల వ్యాపారం ఆపమని క్వేకర్లు కాంగ్రెసుకు అర్జీలు పెట్టుకున్నారు. పెన్సిల్వేనియా సంఘం ఒక అడుగు ముందుకు వేసి బానిసత్వం మీదే అర్జీ పెట్టింది. దాని మీద సంతకం బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. అప్పటికాయన మంచం మీద ఉన్నాడు, ఏప్రిల్ 17న పోయాడు. దక్షిణ కెరొలైనా, జార్జియా సభ్యులు మండిపడ్డారు. మార్చి 23న ప్రతినిధుల సభ తేల్చింది: బానిసల దిగుమతిని 1808 దాకా ఆపే అధికారం తమకు లేదు, బానిసలను విడిపించే అధికారం అసలే లేదు. ఆ ఏడాది తీసిన మొదటి జనాభా లెక్కల్లో 39 లక్షల మందిలో సుమారు 7 లక్షలు బానిసలు. వర్జీనియాలోనే 2 లక్షల 92 వేలు.

మార్చి 26. మూడు రోజుల తరవాత. పౌరసత్వ చట్టం. రెండేళ్ళు ఈ దేశంలో ఉన్న పరాయివాడు పౌరుడు కావచ్చు. కాని అతను స్వేచ్ఛ గల తెల్లవాడై ఉండాలి.

నేను పులిహోర చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ చట్టంలోని ఆ మాట పట్టుకునే 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయనకు పౌరసత్వం లేదంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి ఆయన. అంతకుముందు పౌరసత్వం వచ్చినవాళ్ళకు కూడా తీసేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టుకున్న వైష్ణోదాస్ బగాయ్ ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. 1946లో గాని మనవాళ్ళకు మళ్ళీ పౌరసత్వం తలుపు తెరవలేదు. అప్పుడు కూడా వలసకు ఏడాదికి వందమందే. 1965 చట్టం వస్తే గదా నేనూ ఆయనా విమానం ఎక్కాం! 1979లో ఫిలడెల్ఫియాలో చెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. ఇన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం పాఠాలు చెబుతున్నాను. ఈ పాఠం మాత్రం ఎవరికీ చెప్పలేదు. విందు కథ చెప్పేటప్పుడు నన్ను నేను హామిల్టన్ పక్కనో, జెఫర్సన్ పక్కనో కుర్చీ వేసుకుని కూర్చోబెట్టుకున్నాను. అదే ఏడాది వాళ్ళు రాసిన చట్టంలో నాకు గుమ్మం దగ్గర కూడా చోటు లేదు.

“మరి మాట తప్పింది ఎవరంటావు?” అన్నాను. “ఉత్తరాదా, దక్షిణాదా?”

ఆయన నవ్వాడు. “కుర్సీ ఎవనికి దొరికితే వాడు.” అది కూడా నిజమే. 1798లో కేంద్రం తమ చేతిలో లేనప్పుడు జెఫర్సన్, మాడిసన్ కెంటకీ, వర్జీనియా తీర్మానాలు రాసి, హద్దు దాటిన చట్టాన్ని రాష్ట్రాలు ఎదిరించవచ్చన్నారు. జెఫర్సన్ అధ్యక్షుడై 1803లో లూయిజియానాను కోటిన్నర డాలర్లకు కొన్నాడు. రాజ్యాంగంలో అలాంటి అధికారం రాసి లేదని ఆయనకే అనుమానం. 1807లో ఓడల వ్యాపారం ఆపేస్తే న్యూ ఇంగ్లండు రేవులు ఎండిపోయాయి. అప్పుడు రాష్ట్రాల హక్కులు ఉత్తరాదికి గుర్తొచ్చాయి. 1814లో హార్ట్‌ఫర్డ్‌లో సభ పెట్టారు. విడిపోదామన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. 1791లో బ్యాంకు రాజ్యాంగ విరుద్ధమన్న మాడిసన్ 1816లో అధ్యక్షుడిగా రెండో బ్యాంకుకు తనే సంతకం పెట్టాడు.

ఇంత జరుగుతున్నా ఇరుపక్షాల పెద్దలూ ప్రతిసారీ ఏదో ఒక బేరం కుదుర్చుకుంటూనే వచ్చారు. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ని బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకుని మళ్ళీ సర్దుకున్నారు. ప్రతి బేరంలోనూ పక్కన పెట్టింది మాత్రం ఆ మార్చి 23 సంగతే. దాన్ని పక్కన పెట్టడమే సర్దుబాటు. పొటోమాక్ ఒడ్డున ఆ విందు పుణ్యమా అని లేచిన రాజధానిలో కూడా కాపిటల్ భవనానికీ, అధ్యక్షుడి భవనానికీ రాళ్ళు మోసినవాళ్ళలో బానిసలు ఉన్నారు. వాళ్ళ కూలి యజమానుల చేతిలో పడింది. 1861లో తుపాకులు పేలేదాకా ఆ లెక్క తేలలేదు.

అక్కడ, బెడ్‌ఫర్డ్‌లో, ఆ బల్ల దగ్గర మేము మా లెక్క కూడా కొంచెం ముట్టుకున్నాం. 1956 ఒప్పందంలో తెలంగాణ మిగులు నిధులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలని రాసుకున్నారు. నా దృష్టిలో అది ఎప్పుడో సంతకాలయిపోయిన కాగితం. ఆయన దృష్టిలో అది రావలసిన బాకీ. తన మోచెయ్యి పగిలింది ఆ బాకీ అడిగినందుకేనన్నాడు. మా తమ్ముడికి పోయిన ఏడాది గురించి నేను చెప్పాను. అక్క ఇంటి గురించి చెప్పాను. ఊరు పరాయిదైపోతుందన్న భయంతో ఆ రోజు నోరు జారానని చెప్పాను.

“నీ అక్కను పొమ్మన్నదెవరన్నా?” అన్నాడు మెల్లగా. “ఏముండె అంటివి చూడు, గదే గుచ్చుకున్నది. మా నాయిన ఉండె గదా!”

ఆయన తండ్రి హైదరాబాదులో బడిపంతులని నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ శనివారం నోటికి మాట వచ్చినప్పుడు ఆ పంతులుగారు నాకు గుర్తు రాలేదు. అంతకంటే నేను చెప్పుకోగల సమర్థన లేదు. అన్నీ తేల్చుకున్నామని చెప్పను. నీటి పంపకాల దగ్గరికి వచ్చేసరికి గొంతులు మళ్ళీ లేచాయి. వెనక నుంచి చెల్లెమ్మ, “గుడి మూసేస్తరు, ఇంక లేవుండ్రి” అంటే లేచాం. డబ్బాలు ఆయన కడిగాడు, నేను తుడిచాను.

ఆ ఏడాది నవంబరు నుంచి ఆయన మళ్ళీ ఆదివారం పాఠాలకు రావడం మొదలుపెట్టాడు. మొదటి రోజే 1790 చట్టం సంగతి చెప్పాడు. పరీక్షలో రాని ప్రశ్నకు గంట పట్టిందని ఒకరిద్దరు గొణుక్కున్నారు. కర్నూలు పెద్దావిడ మాత్రం చివరిదాకా విని, “ఇంతకీ ఆ వంట చేసినాయప్ప ఏం వండినాడు?” అని అడిగింది.

అది ఏ పుస్తకంలోనూ మాకు దొరకలేదు. ఏం తిన్నారో ఎవరూ రాసిపెట్టలేదని చెప్పాం. ఆవిడ కాసేపు ఆలోచించి, “రాసేవాండ్లు తినేవాండ్లే గదా” అని తన టీ కప్పు తనే తీసుకెళ్ళి కడిగి పెట్టింది.

ఆవిడ పరీక్ష ప్యాసయింది. ప్రమాణం నాడు మేమిద్దరం వెళ్ళాం, ఒకే కార్లో.